వెల్లుల్లి ఘాటు పుట్టేది వంటింట్లోనే

ఫరీదాబాద్‌లో ఎన్.ఐ.టి. అంటే ఇంజినీరింగ్ కాలేజీ కాదు. ఆ మూడక్షరాలు వినగానే వరంగల్ గుర్తొచ్చే తెలుగువాళ్లకు ఈ సంగతి ముందే చెప్పాలి. దేశవిభజన తర్వాత బన్ను, డేరా ఇస్మాయిల్ ఖాన్ లాంటి వాయవ్య సరిహద్దు ఊళ్ల నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాల కోసం 1949లో మొదలుపెట్టి కట్టిన న్యూ ఇండస్ట్రియల్ టౌన్‌షిప్ అది. అక్కడి పేటలకు ఒకటి, రెండు, మూడు అంటూ నంబర్లే పేర్లు. నాలుగో నంబరు పేటలో కేంద్ర వ్యవసాయ శాఖ కార్యాలయాలు రెండున్నాయి. నెయ్యి డబ్బా మీదా కారం పొట్లం మీదా కనిపించే అగ్‌మార్క్ ముద్ర వ్యవహారం చూసే మార్కెటింగ్, తనిఖీ డైరెక్టరేట్ ఒకటి. 1946లో ఏర్పడిన సస్యరక్షణ, క్వారంటైన్, నిల్వల డైరెక్టరేట్ రెండోది. విదేశం నుంచి వచ్చే విత్తనమైనా, దుంపైనా, పండైనా దేశంలోకి రావచ్చా రాకూడదా అని రేవుల్లోనూ విమానాశ్రయాల్లోనూ పరీక్షించే యంత్రాంగానికి ఈ ఆఫీసే కేంద్రం.

ఇదే ఊళ్లో డబువా మండీకి తెల్లవారకముందే కూరగాయల లారీలు చేరతాయి. గోనెల్లోంచి, ఎర్ర వల సంచుల్లోంచి వెల్లుల్లి దిగుతుంది. అక్కడ దాన్ని లహసున్ అంటారు. రెబ్బను కలీ అంటారు, అంటే మొగ్గ. వృక్షశాస్త్రం చెప్పేది కూడా అదే. వెల్లుల్లి రెబ్బ నిజంగానే ఒక మొగ్గ, తన తిండి తాను మూటగట్టుకుని చలి కోసం కాచుకున్న మొగ్గ.

క్వారంటైన్ ఆఫీసుకూ ఈ మొగ్గకూ సంబంధం ఉంది. ప్రపంచంలో పండే వెల్లుల్లిలో ముప్పాతిక వంతు దాకా చైనాదే. రెండో స్థానం మనది. చైనా వెల్లుల్లితో పాటు శిలీంధ్ర తెగుళ్లు వస్తాయన్న భయంతో 2014 నుంచి దాని దిగుమతిపై మన దేశంలో నిషేధం ఉంది. అయినా దొంగచాటుగా వస్తూనే ఉంది. 2024 సెప్టెంబరులో అలహాబాద్ హైకోర్టు లక్నో బెంచి ముందు ఒక న్యాయవాది చైనా వెల్లుల్లి అరకిలో, దేశీ వెల్లుల్లి అరకిలో తెచ్చి పెట్టి, నిషేధించిన సరుకు బజారులో ఎలా దొరుకుతోందని అడిగారు. ఆ ఏడాది మొదట్లోనే చాలా నగరాల్లో వెల్లుల్లి ధర కిలో 400 రూపాయలు దాటి ఉంది. ధర ఎక్కినప్పుడల్లా దొంగ సరుకు తలెత్తుతుంది.

ఒక పాయ వల్ల అంత ప్రమాదమా అనిపించవచ్చు. వెల్లుల్లి విషయంలో ఆ జాగ్రత్త అవసరమే. సాగులో ఉన్న వెల్లుల్లికి గింజ కట్టదు. వేల ఏళ్లుగా మనిషి రెబ్బ నాటి గడ్డ తీస్తున్నాడు, ఆ గడ్డలోంచి మళ్లీ రెబ్బ నాటుతున్నాడు. అంటే ఒక రకం వెల్లుల్లి మొక్కలన్నీ ఒకే మొక్కకు నకళ్లు. గింజ ద్వారా పుట్టే పంటల్లో తరతరానికీ జన్యువులు కలగలిసి కొన్ని మొక్కలైనా తెగులుకు తట్టుకుంటాయి. వెల్లుల్లికి ఆ వెసులుబాటు లేదు. వైరస్ అయినా బూజు అయినా ఒకసారి రెబ్బలో చేరితే విత్తనంతో పాటే పొలానికి నడిచి వెళ్తుంది. తినడానికని తెచ్చిన పాయ మొలకెత్తితే రైతు దాన్ని నాటకుండా ఉండడు. అందుకే ఆ నిషేధం కాగితం మీద మిగిలిపోకుండా రేవుల్లోనూ సరిహద్దుల్లోనూ గట్టిగా అమలవ్వాలి.

వెల్లుల్లికి చలి కావాలి. నాటిన తర్వాత కొన్ని వారాలు చలి తగిలితేనే లోపలి మొగ్గలు విడివడి రెబ్బలవుతాయి. ఆ తర్వాత పగళ్లు పొడుగవుతుంటే గడ్డ ఊరుతుంది. చలి చాలకపోయినా, నాటిన రెబ్బ మరీ చిన్నదైనా గడ్డ రెబ్బలుగా విడిపోదు. ఒకే ముద్దగా మిగిలిపోతుంది. మందుల దుకాణంలో ఎక్కువ ధర పెట్టి కొనే ఒంటిపాయ వెల్లుల్లి చాలావరకు ఇలా తయారైనదే. ఫరీదాబాద్ చుట్టుపక్కల పొలాల్లో అక్టోబరు, నవంబరుల్లో నాటి మార్చి, ఏప్రిల్‌లో తవ్వుతారు. జాతీయ ఉద్యాన పరిశోధన, అభివృద్ధి సంస్థ విడుదల చేసిన తెల్ల రకాల్లో కొన్నిటికి యమునా సఫేద్ అని పేరు. ఆ యమునే ఫరీదాబాద్ తూర్పు పొలిమేర వెంట పారుతుంది.

తెలుగునేల మీద ఆ చలి లేదు. అందుకే ఇంత వెల్లుల్లి తినే మనం పండించేది కొద్దే. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్, నీమచ్ మండీల నుంచి, రాజస్థాన్‌లోని కోటా ప్రాంతం నుంచి లారీల్లో హైదరాబాద్ చేరి, అక్కడి నుంచి ఊరూరికీ వెళ్తుంది. ఉద్యోగం కోసం ఫరీదాబాద్ వెళ్లిన కుటుంబం డబువా మండీలో కొన్న వెల్లుల్లీ, గుంటూరులో ఉన్న వాళ్లమ్మ కొన్న వెల్లుల్లీ ఒకే జిల్లా పొలంలో పండినవి కావచ్చు. అయినా పక్కపక్క ఫ్లాట్లలో పంజాబీ ఇంటి తడకా ఒక వాసన, తెలుగింటి తాలింపు ఇంకో వాసన. సరుకు ఒకటే. తేడా కత్తిలో, రోట్లో, మూకుట్లో ఉంది. వెల్లుల్లి ఎంత వేశామన్న దానికంటే ఎలా చితక్కొట్టాం, ఎప్పుడు వేశాం అన్నదే రుచిని నిర్ణయిస్తుంది.

ఒక ప్రయోగం ఎవరైనా చేసి చూడొచ్చు. పొట్టు తీసిన రెబ్బను గోరు తగలకుండా, నొక్కకుండా వాసన చూడండి. దాదాపు ఏ వాసనా ఉండదు. ఇప్పుడు దాన్ని పీట మీద పెట్టి గరిటె వెనక భాగంతో ఒక్కసారి నొక్కండి. క్షణాల్లో గది నిండిపోతుంది. ఆ వాసన అప్పటిదాకా రెబ్బలో దాగి ఉన్నది కాదు. నొక్కిన తర్వాతే పుట్టింది.

రెబ్బలోని కొన్ని కణాల్లో అల్లీన్ అనే గంధక పదార్థం ఉంటుంది. దానికి వాసన లేదు. పక్కనే వేరే కణాల్లో, మూతవేసిన అరల్లో అల్లీనేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. రెంటి మధ్యా గోడలున్నంత కాలం ఏమీ జరగదు. కత్తి పడితే, పంటి కింద నలిగితే, పురుగు కొరికితే గోడలు పగిలి రెండూ కలుస్తాయి. అల్లీన్ కాస్తా అల్లిసిన్ అవుతుంది. ఇదంతా నిమిషం లోపే. కళ్లు చెమర్చే ఘాటు, ముక్కుకు తగిలే వాసన, నాలుక మీద మంట అన్నీ దానివే. మొక్క ఇది మన కూర కోసం చేసుకున్న ఏర్పాటు కాదు. నేలలోని పురుగూ బూజూ తనను తినకుండా పెట్టుకున్న కాపలా. ఆ కాపలాను మనిషి రుచిగా మార్చుకున్నాడు.

ఈ కథను విప్పడానికి వందేళ్లు పట్టింది. 1844లో థియోడర్ వెర్థైమ్ అనే రసాయన శాస్త్రవేత్త వెల్లుల్లి నూనెను స్వేదనం చేసి, అందులోని గంధక పదార్థానికి వెల్లుల్లి లాటిన్ పేరు అల్లియం మీదుగా అల్లైల్ అన్న మాట పుట్టించాడు. 1944లో అమెరికాలో చెస్టర్ కవాలిటో, జాన్ బెయిలీ అల్లిసిన్‌ను వేరుచేసి, అది సూక్ష్మజీవులను చంపుతుందని చూపారు. కానీ చితకని రెబ్బలో అల్లిసిన్ ఎందుకు దొరకదన్న చిక్కు మిగిలింది. 1948లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో ఆర్థర్ స్టోల్, ఎవాల్డ్ సీబెక్ అల్లీన్‌ను పట్టుకోవడంతో ఆ ముడి వీడింది.

వంటకు దీనివల్ల వచ్చే మొదటి పాఠం: ఎన్ని కణాలు పగిలితే అంత ఘాటు. చక్రాల్లా కోసిన వెల్లుల్లి కంటే తురిమినది, దానికంటే రోట్లో మెత్తగా నూరినది ఘాటు. గుండుగా వేసిన రెబ్బ అసలు ఘాటే కాదు. ఫ్రాన్స్‌లో నలభై రెబ్బల వెల్లుల్లితో కోడి వండే పాత వంటకం ఒకటుంది. నలభై అనగానే గుండె ఝల్లుమంటుంది గానీ, ఆ రెబ్బలు గుండుగా, పొట్టుతో నిదానంగా ఉడికి వెన్నలా మెత్తబడి తియ్యగా తయారవుతాయి. మన వెల్లుల్లి పులుసు సంగతీ అంతే. చింతపండు పులుసులో గుండు రెబ్బలు గుప్పెడు వేసి దగ్గరపడేదాకా మరిగిస్తే పిల్లలు కూడా ఏరుకుని తింటారు. అదే గుప్పెడు పచ్చిగా నూరి అన్నంలో కలిపితే పెద్దవాళ్లు కూడా రెండో ముద్ద తినలేరు.

రెండో పాఠం వేడిది. అల్లీనేజ్ సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటితే చచ్చుబడిపోతుంది. రెబ్బ చితక్కముందే వేడి తగిలితే ఘాటు పుట్టే దారే మూసుకుపోతుంది. ముందు చితక్కొట్టి కాసేపు ఆగితే ఎంజైమ్ తన పని పూర్తి చేసుకుంటుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో కున్ సాంగ్, జాన్ మిల్నర్ 2001లో ఈ విషయాన్ని ఎలుకల మీద పరీక్షించారు. గుండు వెల్లుల్లిని మైక్రోవేవ్‌లో ఒక్క నిమిషం పెడితే క్యాన్సర్ కారకాలను అడ్డుకునే దాని గుణం పోయింది. చితక్కొట్టి పది నిమిషాలు ఉంచి ఆ తర్వాత వేడిచేస్తే కొంతవరకు నిలిచింది. ఎలుకల ఫలితం మనుషులకు అలాగే వర్తిస్తుందని చెప్పలేం. వంట వరకు మాత్రం ఆ పది నిమిషాలు పనికొస్తాయి. పప్పు ఉడుకుతుండగానే వెల్లుల్లి చిదిమి పక్కన పెట్టుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉన్నదే.

ఇక తాలింపు. ఉల్లి వేగినంత సేపు వెల్లుల్లి ఎందుకు ఆగదు? ఉల్లిపాయలో నూటికి 89 పాళ్లు నీరే. వెల్లుల్లిలో 60 పాళ్లకు మించదు. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఫ్రక్టాన్ అనే గొలుసు చక్కెర. ఉల్లి ముక్క తనలోని నీరు ఆవిరయ్యేదాకా నూరు డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. వెల్లుల్లికి ఆ రక్షణ తక్కువ. నీరు ఇట్టే ఇగిరి చక్కెరలు ఎర్రబడతాయి. బంగారు రంగు దాటిన అరనిమిషానికే చేదు తిరుగుతుంది. ఆవాలు చిటపటలాడి, జీలకర్ర వేగి, ఎండుమిర్చి రంగు మారాక వెల్లుల్లి వేయాలని అమ్మమ్మలు చెప్పే వరస ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. వేడి నూనెలో అల్లిసిన్ విరిగి డైఅల్లైల్ డైసల్ఫైడ్, ట్రైసల్ఫైడ్ లాంటివి పుడతాయి. అవి నూనెలో కరుగుతాయి. ఆ నూనె పప్పులోనో చారులోనో పడగానే వాసన గిన్నెంతా పరుచుకుంటుంది. నూనెకు బదులు నీళ్లలో ఉడికించి చూస్తే ఈ తేడా నాలుకకు వెంటనే తెలుస్తుంది.

ఎల్లిపాయ కారం ఒక్కసారి దగ్గరగా చూద్దాం. రోట్లో ముందు ఉప్పు, కారం, కాస్త జీలకర్ర. అందులో రెబ్బలు, కొందరు పొట్టుతోనే వేస్తారు. బండతో కుమ్మితే మొదట రెబ్బ పక్కకు జారిపోతుంది. రెండో పోటుకు పగిలి దాని రసం కారాన్ని అంటుకుంటుంది. పొడిపొడిగా ఉన్న ఎరుపు అక్కడక్కడా ముదురు రంగు తేలి తడిగా ముద్ద కడుతుంది. పూర్తిగా మెత్తబడకముందే ఆపాలి. మిక్సీ బ్లేడు ఆ పని చెయ్యలేదు. అది నిమిషంలో మొత్తం ముద్ద చేసేస్తుంది. రోట్లో అయితే కొన్ని కణాలు పగిలి కొన్ని మిగులుతాయి, మిగిలినవి అన్నంతో పాటు మన పళ్ల కింద పగులుతాయి. ముద్ద ముద్దకూ కొత్త ఘాటు తగలడం వెనక ఉన్నది ఇదే.

ఆ ముద్ద నోట్లో చేసే పనికి నోబెల్ బహుమతి చరిత్రలోనూ చోటుంది. మిరపలోని క్యాప్సైసిన్ మన నాడుల మీది టీఆర్‌పీవీ1 అనే ద్వారాన్ని తెరుస్తుంది. నిజానికి అది వేడిని పసిగట్టే ద్వారం. అందుకే మిరపను మంట అంటాం. 2005లో రెండు వేర్వేరు ప్రయోగశాలలు వెల్లుల్లి మీద ఇదే ప్రశ్న వేశాయి. అల్లిసిన్ ప్రధానంగా టీఆర్‌పీఏ1 అనే మరో ద్వారాన్ని తెరుస్తుందని తేలింది. ఆవఘాటు కూడా అదే తలుపు తడుతుంది. రెండు బృందాల్లో ఒకటి డేవిడ్ జూలియస్‌ది, రెండోది ఆర్డెమ్ పటపౌటియన్‌ది. వేడి, స్పర్శ మనకెలా తెలుస్తాయో కనుగొన్నందుకు 2021లో వైద్య నోబెల్ ఇద్దరూ కలిసి అందుకున్నారు. మిరపకారం, వెల్లుల్లి కలిసిన ముద్ద రెండు తలుపులూ ఒకేసారి తెరుస్తుంది. పైన వేసుకునే నెయ్యి ఆ రెంటినీ కరిగించుకుని కాస్త నెమ్మదింపజేస్తుంది.

సంస్కృతంలో వెల్లుల్లికి లశునంతో పాటు రసోనం అన్న పేరు కూడా ఉంది. రసం ఒకటి ఊనమైనది, అంటే ఆరు రుచుల్లో ఒకటి లోపించినది అని ఆయుర్వేదం చెప్పే వ్యుత్పత్తి. ఆ లోపించిన రుచి పులుపు. ఈ మొక్క మీద మన పూర్వులకు ఎంత ఆసక్తి ఉండేదో చెప్పడానికి ఒక రాతప్రతి చాలు. 1890లో మధ్య ఆసియాలోని కూచా దగ్గర హామిల్టన్ బోవర్ అనే సైనికాధికారికి దొరికిన భూర్జపత్ర గ్రంథం క్రీస్తుశకం నాలుగు నుంచి ఆరు శతాబ్దాల మధ్యది. అందులోని మొదటి గ్రంథం మొదలయ్యేదే వెల్లుల్లి గుణగణాలతో.

పులుపు లేదన్న ఆ పాత పరిశీలన ఇవాళ ఒక ప్రాణాపాయానికి కూడా మూలం చెబుతుంది. వెల్లుల్లి నేలలో పెరుగుతుంది. నేలలో క్లాస్ట్రీడియం బోట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. గాలి తగలని చోట, పులుపు లేని చోట అవి మేల్కొని మనకు తెలిసిన విషాల్లోకెల్లా తీవ్రమైన దాన్ని తయారుచేస్తాయి. పచ్చి వెల్లుల్లిని నూనెలో ముంచి గది వేడిమిలో వారాల తరబడి ఉంచితే వాటికి కావలసినవన్నీ అమరుతాయి. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక భోజనశాలలో అలా నిల్వచేసిన వెల్లుల్లి తిని 36 మంది బోట్యులిజం పాలయ్యారు. 1989లో అమెరికాలో మళ్లీ జరిగాక, నూనెలో వెల్లుల్లి అమ్మేవాళ్లు దానికి పులుపు చేర్చి తీరాలని అక్కడి ప్రభుత్వం ఆదేశించింది. పులుపు పెరిగి పీహెచ్ 4.6 కంటే తగ్గితే ఆ జీవి పెరగలేదు. మన వెల్లుల్లి ఊరగాయలో నిమ్మరసమో చింతపండో, దండిగా ఉప్పో లేకుండా ఉండదు. అది రుచి కోసం మాత్రమే అనుకుంటే పొరపాటు. ఉప్పు తగ్గిద్దాం, పులుపు వద్దు, నూనె చాలు అనుకుంటూ ఊరగాయను మార్చేవాళ్లు ఈ సంగతి మరవకూడదు. ఇంట్లో నూరిన అల్లం వెల్లుల్లి ముద్ద అయినా, వెల్లుల్లి వేసిన నూనె అయినా ఫ్రిజ్‌లోనే ఉంచి కొద్ది రోజుల్లో వాడేయాలి. ఎక్కువ రోజులకైతే ఫ్రీజర్.

పులుపుకు ఇంకో గుణం ఉంది. అది అల్లీనేజ్‌ను మందగింపజేస్తుంది. నిమ్మరసంలోనే వెల్లుల్లి నూరితే ఘాటు తక్కువగా, వాసన సున్నితంగా వస్తుంది. పెరుగుపచ్చడిలో పచ్చి వెల్లుల్లి మరీ గుచ్చుకుంటోందనుకునేవాళ్లు ఈ పద్ధతి ప్రయత్నించవచ్చు. ఊరగాయలో రెబ్బలు ఒక్కోసారి నీలంగానో ఆకుపచ్చగానో మారి భయపెడతాయి. చలిలో నిల్వ ఉన్న వెల్లుల్లికి పులుపు తగిలినప్పుడు దాని గంధక పదార్థాలూ అమైనో ఆమ్లాలూ కలిసి ఆ రంగులు పుడతాయి. విషమేమీ కాదు. ఉత్తర చైనాలో వెల్లుల్లిని వినిగర్‌లో నానబెట్టి పచ్చగా మారేలా చేసి పండగ రోజు తింటారు.

వెల్లుల్లి ప్రియుల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఘాటు కాదు, తిన్న తర్వాతి వాసన. ఫరీదాబాద్ నుంచి ఢిల్లీకి వయొలెట్ లైన్ మెట్రోలో పొద్దున్నే నిలబడి వెళ్లేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. పళ్లు తోముకుంటే నోట్లోని వాసన పోతుంది గానీ కాసేపటికి మళ్లీ వస్తుంది. కారణం అల్లైల్ మిథైల్ సల్ఫైడ్. 1999లో జరిగిన ఒక పరిశోధన తేల్చింది ఏమిటంటే, మిగతా గంధక వాయువులను పేగులూ కాలేయమూ విరిచేస్తాయి గానీ దీన్ని విరవలేవు. అది రక్తంలో తిరిగి ఊపిరితిత్తుల మీదుగా గంటల తరబడి బయటికి వస్తుంది. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో షెరిల్ బ్యారింజర్ బృందం దీనికి విరుగుడు కోసం చాలా ఏళ్లుగా వెతుకుతోంది. పచ్చి ఆపిల్, పుదీనా ఆకు, పాలు పనిచేస్తాయని వాళ్లు చూపారు. 2023లో పెరుగును పరీక్షించారు. ప్రయోగశాల సీసాల్లో పచ్చి వెల్లుల్లి వాసన వాయువులను పెరుగు దాదాపు పూర్తిగా పట్టేసింది. పెరుగులోని కొవ్వూ మాంసకృత్తులూ కలిసి చేసే పని అది. వెల్లుల్లి తిన్న వెంటనే తింటేనే ఎక్కువ ఫలితం. పచ్చడితో మొదలై పెరుగన్నంతో ముగిసే మన విస్తరి ఆ వరసలోనే ఉంది.

బాలింతకు వెల్లుల్లి పెట్టే అలవాటు గురించీ ఒక మంచి ప్రయోగం ఉంది. తెలుగిళ్లలో పురిటి తర్వాత మొదటి ముద్ద వెల్లుల్లి కారమే. పాలు పడతాయని పెద్దల నమ్మకం. ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థలో జూలీ మెనెల్లా, గ్యారీ బోషాంప్ 1991లో పాలిచ్చే తల్లులకు వెల్లుల్లి గుళికలు ఇచ్చి చూశారు. రెండు గంటలకల్లా పాలకు ఆ వాసన వచ్చింది. పసిపిల్లలు ముఖం తిప్పుకుంటారనుకుంటే, మామూలు కంటే ఎక్కువసేపు రొమ్ము పట్టుకుని ఉన్నారు. 1995లో మెనెల్లా బృందమే గర్భిణుల ఉమ్మనీటిలో కూడా ఆ వాసన చేరుతుందని చూపింది. పాలు పెరుగుతాయని దీనివల్ల రుజువు కాలేదు. అమ్మ తినేదాని వాసన బిడ్డకు పుట్టకముందే పరిచయమవుతుందని మాత్రం తెలిసింది. ఎక్కడికి వెళ్లినా ఎల్లిపాయ కారం కోసం నాలుక లాగే మనుషుల్ని చూస్తే ఈ మాట నమ్మబుద్ధేస్తుంది.

మందుగా వెల్లుల్లి ఎంత పనిచేస్తుందన్న చోట మాత్రం మాట తగ్గించుకోవాలి. కొలెస్ట్రాల్ కరిగిస్తుందన్న ప్రచారాన్ని స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 192 మందితో ఆరు నెలలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. పచ్చి వెల్లుల్లి గానీ రెండు రకాల మాత్రలు గానీ చెడు కొలెస్ట్రాల్‌ను తగ్గించలేదు. నూనెలో అల్లిసిన్ మారి ఏర్పడే అజోయిన్ రక్తఫలకికలు గుమిగూడకుండా చేస్తుందని 1984లో కనుగొన్నారు. అందుకే రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఆపరేషన్‌కు వెళ్లబోయేవాళ్లు వెల్లుల్లి మాత్రల సంగతి డాక్టరుకు చెప్పాలి. నూరిన పచ్చి వెల్లుల్లిని చర్మానికి కట్టుకడితే కాలి బొబ్బలెక్కుతుంది, పిల్లలకైతే మరీను. పురుగును తరిమే రసాయనం చర్మాన్నీ వదలదు. ఫ్రక్టాన్లు పడని కడుపులకు వెల్లుల్లి ఉబ్బరం తెస్తుంది. వాళ్లు రెబ్బను నూనెలో వేయించి తీసేసి ఆ నూనె వాడుకోవచ్చు. ఫ్రక్టాన్ నీటిలోనే కరుగుతుంది, వాసన నూనెలోకి వస్తుంది.

వెల్లుల్లి వద్దనేవాళ్ల సంప్రదాయమూ చిన్నది కాదు. నవరాత్రుల్లో ఫరీదాబాద్ హోటళ్లలో ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం దొరుకుతుంది. మన దగ్గర కార్తీకంలో చాలా ఇళ్లలో అదే నియమం. ఆ ఇళ్లలో ఇంగువ ఆ లోటు తీరుస్తుంది. ఇంగువ వాసన కూడా గంధకానిదే. ఇంతకాలం దాన్ని అఫ్గానిస్తాన్, ఇరాన్‌ల నుంచి తెచ్చుకుంటున్నాం. 2020 అక్టోబరులో పాలంపూర్‌లోని పరిశోధన సంస్థ హిమాచల్‌లోని లాహౌల్ లోయలో మన దేశంలో మొదటిసారి ఇంగువ మొక్క నాటింది.

కొనేటప్పుడు గట్టిగా, బరువుగా, పొర బిగువుగా ఉన్న గడ్డ ఎంచుకోండి. ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ నాలుగైదు డిగ్రీల చలిని రెబ్బ శీతాకాలంగా భావించి మొలకెత్తుతుంది. కోస్తాలో అయితే తేమకు నల్లబూజు పడుతుంది కాబట్టి గాలి ఆడే బుట్టలో వేలాడదీయండి. మొలకెత్తిన రెబ్బ ఉంటే పారేయకండి. ఫరీదాబాద్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా దసరా వెళ్లాక మొన పైకి వచ్చేలా కుండీలో రెండంగుళాల లోతున గుచ్చి ఎండలో పెట్టండి. నెల తిరిగేసరికి పచ్చటి ఆకు వస్తుంది. చలికాలమంతా ఢిల్లీ చుట్టుపక్కల మండీల్లో కట్టలు కట్టి అమ్మే హరా లహసున్ అదే. సన్నగా తరిగి వేడి పప్పు మీద చల్లుకోవచ్చు. ఆకు కోసినా మళ్లీ వస్తుంది, అడుగున గడ్డ మాత్రం అంతగా ఊరదు.